ముందు బరువు

చింతామణి
8 సెప్టెంబరు 2002, ఆదివారం

అమోఘ్‌కు అవ్వ దీవెనలు.

నీ యజమాని విట్ఠల ప్రభుగారు నాకు ఉత్తరం రాశారు. ముందు నేనే రాశాను, నా మనవడు మంగళూరు రేవులో పని నేర్చుకుంటున్నాడా, గాలికి తిరుగుతున్నాడా, ఉన్నదున్నట్టు చెప్పమని. నీకు తెలియకుండా రాసినందుకు నొచ్చుకోకు. ఆడపిల్లల హైస్కూలులో ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పినదాన్ని. పిల్లవాడి మాట ఒక్కటే విని మార్కులు వెయ్యడం నాకు చేతకాదు.

ఆయన ఇంగ్లీషులో జవాబిచ్చారు. చక్కని దస్తూరి. నువ్వు వేళకు వస్తావని, సరుకు లెక్క తప్పవని రాశారు. సంతోషం. ఆ తరువాతి వాక్యం చదివి కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాను. నువ్వు 'ఈవెన్‌-కీల్డ్' కుర్రవాడివట.

ఈవెన్‌-టెంపర్డ్ నాకు తెలుసు. ఈవెన్‌-హ్యాండెడ్ కూడా తెలుసు, పక్షపాతం లేని న్యాయాధిపతిని అంటారు. ఈ మాట మాత్రం ఇన్నేళ్ళలో వినలేదు. మీ తాతగారి నిఘంటువు తీశాను. జంటమాట అందులో లేదు, కీల్ ఒక్కటే ఉంది. ఓడ అడుగున తల నుంచి తోక దాకా పోయే దూలమట. ఇరవై మూడేళ్ళు పెంచిన పిల్లవాణ్ణి నీళ్ళ అడుగున నానే కొయ్యతో పోల్చారేమిటని నాకు నిజంగానే బెంగ పట్టుకుంది. అది పొగడ్తా, ఎత్తిపొడుపా? ఆ మాట ఎక్కడ పుట్టిందో, మనుషులకు ఎలా అంటుకుందో ఆయననే అడిగి రాయి. ఊహించి రాయవద్దు.

ఇక్కడ వాన లేదు. బాగేపల్లి వైపు వేరుశనగ పూతలోనే మాడిపోయిందని మా అక్క రాసింది. పక్కింటి అక్కయమ్మ ఫోను పెట్టించుకుంది. నీతో మాట్లాడమని మీ అమ్మను రోజూ పిలుస్తోంది. నేను వద్దన్నాను. ఫోనులో పదిమంది ఎదుట అరిచిన మాట నిలవదు. ఉత్తరం నిలుస్తుంది.

తలకు నూనె పెట్టుకో. ఉప్పుగాలికి జుట్టు పాడవుతుంది.

అవ్వ, జలజ

*

మంగళూరు, పాతరేవు
15 సెప్టెంబరు 2002

అవ్వకు అమోఘ్ నమస్కారాలు.

ప్రభుగారిని అడిగాను. పడీపడీ నవ్వి, "మీ అవ్వ నాకు పరీక్ష పెట్టినట్టుంది" అన్నారు. అది పొగడ్తే, భయపడకండి.

అది ఓడవాళ్ళ మాట. ఓడ పక్కలకు ఒరగకుండా ఉండడమే అనుకున్నాను నేను. కాదట. తలా తోకా నీళ్ళలో ఒకే లోతున మునిగి ఉంటే, అడుగు దూలం నీటి మట్టానికి సమంగా నిలుస్తుంది. అప్పుడు ఓడ 'ఈవెన్‌ కీల్' మీద ఉందంటారు. ఒడ్డున ఉన్నవాళ్ళు ఆ మాటను అరువు తెచ్చుకుని మొదట సంసారాలకూ దొరతనాలకూ వాడారు, తరువాత మనసుకు వాడారు. చివరకు రెండు మాటలూ కలిసి మనిషికి విశేషణమైంది. పాత నిఘంటువులో అందుకే దొరకలేదేమో అన్నారు. సంతోషానికి తల ఎగరెయ్యనివాడు, కష్టానికి తల ముంచనివాడు అని అర్థం. మన మాటల్లో నిబ్బరం అనవచ్చా? స్థిమితం అనవచ్చా? మీరే తేల్చాలి.

వానాకాలం అయిపోయింది. ఇంతకాలం కొబ్బరాకుల పందిళ్ళ కింద పడుకున్న మంజీలకు రంగులు వేస్తున్నారు. మంజీ అంటే ఇక్కడి కొయ్య పడవ, ఇంజను ఉంటుంది. ఇక్కడి నుంచి లక్షదీవులకు బియ్యం, సిమెంటు, ఉల్లిగడ్డలు, ఇనుప కడ్డీలు పోతాయి. మా 'మారికాంబ' ఆంద్రోత్ దీవికి ఈ ఏడు మొదటి ప్రయాణం చేయబోతోంది. అందులో సరుకు సర్దించే పని ప్రభుగారు నాకిచ్చారు. పడవ నడిపే పెద్దను తండేలు అంటారు. మా తండేలు హసనబ్బ నన్ను ఎగాదిగా చూసి, "యజమాని మెచ్చిన పిల్లవాడివి, నువ్వు సర్దితే నేను మళ్ళీ చూడక్కరలేదు" అన్నాడు. గర్వంగానే ఉంది, భయంగానూ ఉంది. అడుగున ఎంత, ముందు ఎంత, వెనక ఎంత అనేది నాకింకా మనసుకు పట్టలేదు.

అమ్మకు చెప్పండి, ఇక్కడి ఉడుకుబియ్యం అన్నం అలవాటైంది.

మీ అమోఘ్

*

చింతామణి
21 సెప్టెంబరు 2002

అమోఘ్‌కు,

నీ జవాబు చూశాక నిద్ర పట్టింది. ప్రభుగారికి నా కృతజ్ఞతలు చెప్పు. నిబ్బరం అనే మాట చాలదు. అది కష్టానికి మాత్రమే పనికొస్తుంది. స్థిమితం దగ్గరిది. అయినా మన మాటల్లో ఎక్కడా ముందూ వెనకా అన్న ఊహ లేదు. ఆ ఇంగ్లీషు మాటలో నాకు నచ్చింది అదే.

బరువు మనసుకు పట్టలేదన్నావు. ఒక సంగతి చెబుతాను. మా పుట్టింటి పొలం బట్లహళ్ళిలో ఉండేది. వేరుశనగ మూటలు ఎద్దులబండిలో చింతామణి సంతకు వచ్చేవి. మూటలు వెనక ఎక్కువైతే కాడి పైకి లేచి, మెడ కింద కట్టే పట్టెడ ఎద్దుల గొంతుకు బిగుసుకునేది. ముందు మరీ ఎక్కువైతే మెడలు పుండ్లు పడేవి. తూకం సరిగ్గా ఇరుసు మీద ఉన్నా బండి ఊగులాడేది. అందుకని ఇరుసుకు కాస్త ముందుగా, మెడ మీద పిడికెడు బరువు తెలిసేలా సర్దాలి. మా నాన్న ఆ పని నాకే అప్పజెప్పేవారు. సర్దాక కాడిని చేత్తో ఎత్తి చూసేదాన్ని. ఒక్కరోజూ బండి తిరగబడలేదు.

బరువుకు ఊరూ భాషా లేవు. బండికి ఏ నియమమో పడవకూ అదే. సమంగా పెట్టి, పిడికెడు ముందుకు ఉంచు.

మీ నాన్న ప్రమోషను కాగితం తాలూకా కచేరీలో ఎక్కడో ఇరుక్కుంది. కేశవా, పోయి అడుగు అంటే, "అడిగితే ఇంకా అడుక్కి పోతాదమ్మా" అంటాడు.

అవ్వ

*

మంగళూరు
6 అక్టోబరు 2002

అవ్వకు,

'మారికాంబ' మునిగిపోయింది. నాకేమీ కాలేదు. నేను ఒడ్డునే ఉన్నాను.

మంగళవారం ఉదయం బయలుదేరింది. మధ్యాహ్నం గాలి లేచింది. అల వచ్చినప్పుడల్లా పడవ తల పైకి లేవకుండా నీళ్ళలోకి దూరిందట. ముందు అరలోకి నీళ్ళు వచ్చాయి. తోక లేచి, నీళ్ళలో తిరగాల్సిన ఇంజను పంఖా గాలిలో తిరిగింది. ఆ తరువాత ఎక్కువసేపు పట్టలేదు. చేపల పడవ ఒకటి దగ్గరలో ఉండి అందరినీ ఎక్కించుకుంది. తండేలు మణికట్టు విరిగింది. సరుకంతా పోయింది.

పోర్ట్ ఆఫీసులో విచారణ పెట్టారు. గాలి వచ్చే సూచన ఉన్నా బయలుదేరాడని తండేలు లైసెన్సు రద్దు చేస్తారని అనుకుంటున్నారు. 24వ తేదీన పిలిచారు. ఇనుప కడ్డీలు ముందు అరలో పెట్టించింది నేను. పిడికెడు ముందుకు ఉంచాను. అది ఇంకా ఎవరికీ తెలియదు.

తెల్ల చొక్కాలు రెండు చాలడం లేదు. మెడ కొలత అదే, చేతులు అరంగుళం పొడుగు కుట్టించమని అమ్మకు చెప్పండి.

అమోఘ్

*

చింతామణి
10 అక్టోబరు 2002

అమోఘ్,

నీ ఉత్తరం మీ నాన్న గట్టిగా చదివాడు. మునిగిపోయింది అన్నచోట మీ అమ్మ ప్రమీల గోడ పట్టుకుని కూర్చుండిపోయింది. ఉత్తరం లాక్కుని మళ్ళీ నేనే చదువుకున్నాను.

నన్ను దిగ్భ్రమ పరిచింది ఒక్కటి కాదు. పడవ పోయింది, మనుషులు నీళ్ళలో పడ్డారు, ఒకడి చెయ్యి విరిగింది. నువ్వు చొక్కా చేతుల కొలత రాశావు. ఏ రక్తం ఇది? సంతోషానికి ఎగరనివాడు, కష్టానికి మునగనివాడు అని నీ యజమాని మెచ్చుకున్నది దీన్నేనా? ఆ గుణం ఇలా ఉంటుందని తెలిస్తే ఆ రోజే ఆ మాటను నిఘంటువులోనే మూసిపెట్టేదాన్ని.

అది అలా ఉంచు. ఇప్పుడు నేను చెప్పేది జాగ్రత్తగా విను. విచారణలో నోరు తెరవకు. పడవ బాధ్యత తండేలుది. గాలి ఉందని తెలిసి బయలుదేరింది అతను. నిన్ను ఎవరూ అడగలేదు, అడగనిదానికి జవాబు చెప్పనక్కరలేదు. మీ నాన్న కూడా, "వాణ్ని ఎవురు అడగతారు, గుమాస్తాని? బస్సెక్కి వచ్చేయమనమ్మా" అంటున్నాడు. ఇరవై నాలుగుకు ముందే వచ్చెయ్యి. ఒంట్లో బాగాలేదని ప్రభుగారికి నేను రాస్తాను.

అవ్వ

*

మంగళూరు
14 అక్టోబరు 2002

అవ్వకు,

మీ ఉత్తరం దస్తూరి చూసి మీదేనని నమ్మాను. లేకుంటే నమ్మేవాణ్ణి కాదు. అడగనిదానికి జవాబు చెప్పనక్కరలేదని రాసింది మీరేనా? ఐదో తరగతిలో నేను పక్కవాడి పలకలో చూసి రాశానని ఎవరికీ తెలియకపోయినా, నాతోనే మాస్టారుకు చెప్పించారు. ఆ రోజు నాకు జ్వరం కూడా ఉంది. జ్వరం వేరు, పలక వేరు అన్నారు. ఇప్పుడు లేని జ్వరాన్ని మీరే రాసి పంపుతానంటున్నారు.

చొక్కా కొలత గురించి. పడవ పోయిన దగ్గర నుంచి ఆ ఉత్తరం ఎన్నిసార్లు మొదలుపెట్టానో నాకే తెలియదు. చెయ్యి నిలిచేది కాదు. చివరికి వణకకుండా రాయగలిగిన మాటలు ఏవో అవి రాశాను. చొక్కా సంగతి రాస్తుంటే మాత్రం చెయ్యి నిలిచింది. అందుకని దాన్ని పొడిగించాను. నన్ను రాయి అనుకున్నారు.

ప్రభుగారు నిన్న ఒక మాట చెప్పారు. ఈవెన్‌ కీల్ మీద ఉన్న ఓడ కదలదని ఎవరు చెప్పారు, కదలని ఓడ ఇసుకలో కూరుకుపోయిన ఓడే అన్నారు. తల ముంచినా మళ్ళీ లేవాలి, అంతేనట. 'మారికాంబ' లేవలేదు.

నేను 24న చెబుతాను. మీరు దేనికి భయపడుతున్నారో నాకు అర్థమైంది. బండి సంగతి ఎక్కడా ఎత్తను. మీ పేరు రాదు. నిశ్చింతగా ఉండండి.

అమోఘ్

*

చింతామణి
18 అక్టోబరు 2002

అమోఘ్‌కు,

నీ ఉత్తరంలో చివరి మాటల దగ్గర ఆగిపోయాను. మీ పేరు రాదు, నిశ్చింతగా ఉండండి. నా పేరు కాపాడుకోవడానికి నిన్ను నోరు మూసుకోమన్నానని అనుకున్నావా? డెబ్భై ఏళ్ళలో నన్ను ఎవరూ ఇంత మాట అనలేదు. రోజంతా నీ మీద కోపంగానే ఉన్నాను. అక్కయమ్మ ఫోను మోగితే మీ అమ్మ పరుగెత్తింది. నేను కదలలేదు.

సాయంత్రం సంత వీధికి నడిచాను. టమోటా గంపలు ఎక్కించిన బండి ఒకటి ఆగి ఉంది. నా అలవాటు కొద్దీ ఇరుసు వైపు చూశాను, తరువాత ముందుకు చూశాను. ఎద్దులు మెడలు వంచి నిలబడి ఉన్నాయి. పిడికెడు ముందుకు పెట్టమని నీకు రాశాను. ఆ పిడికెడును మోసేది ఎద్దు మెడ. సముద్రంలో మెడ ఏది? పడవ ముందర నీళ్ళు తప్ప ఏముంది? ఇంత చిన్న సంగతి, లెక్కలు చెప్పినదాన్ని, నాకు తట్టలేదు. సముద్రాన్ని చూడకుండా సముద్రానికి నియమం రాశాను.

నా పేరు గురించి నేను ఆలోచించలేదు. నిజంగా ఆలోచించలేదు. నా తప్పు ఉందని కూడా అప్పటికి నాకు తెలియదు. నాకు తెలిసింది ఒక్కటే, నిన్ను వాళ్ళు ఏదో చేస్తారని. ఆ భయానికి నేను ఎవరి లైసెన్సు పోతే నాకేమి అన్నాను. ఆ మాట నా కలం నుంచి వచ్చిందంటే నాకే ఇంకా నమ్మకం కలగడం లేదు.

నువ్వు చెప్పు. కడ్డీల సంగతి చెప్పు, బండి సంగతీ చెప్పు. చింతామణిలో ఫలానా జలజమ్మ ఇలా రాసిందని నా పేరుతో చెప్పు. పిలిస్తే వచ్చి నిలబడతాను. మీ నాన్నకు ఇది రాస్తున్నట్టు చెప్పాను. "నీ మనవడికి నువ్వే ఉరి పేనుతాండావు" అని లేచి వెళ్ళిపోయాడు. భోజనానికి రాలేదు.

చొక్కాలు కుట్టడానికి ఇచ్చాము.

అవ్వ

*

మంగళూరు
27 అక్టోబరు 2002

అవ్వకు,

చెప్పాను. మీ బండి సంగతి కూడా చెప్పాను. అధికారి కలం ఆపి, ఎద్దులబండా అని మళ్ళీ అడిగాడు. అవునన్నాను. ఎవరూ నవ్వలేదు.

నేను చెబితే తండేలు మీద భారం తగ్గుతుందనుకున్నాను. జరిగింది వేరు. అధికారి వెంటనే హసనబ్బ వైపు తిరిగి, సరుకు ఎలా ఉందో చూడకుండానే బయలుదేరావా అని అడిగాడు. అప్పటిదాకా అతని మీద ఉన్నది గాలి తప్పు. నేను నోరు విప్పాక అది అతని తప్పే అయింది. హసనబ్బ కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. చూడలేదు అన్నాడు. ఒక్క మాటే. లైసెన్సు రద్దు కాలేదు, ఈ సీజను అంతా నిలిపేశారు. సరుకు సర్దే వివరం కాగితం మీద రాయించనందుకు ప్రభుగారికీ తాకీదు ఇచ్చారు. నన్ను మందలించి వదిలేశారు.

బయట వరండాలో హసనబ్బ కాళ్ళకు దండం పెట్టబోయాను. వెనక్కి జరిగాడు. అతను కన్నడంలో అన్నది నాకు ప్రతి మాటా గుర్తుంది.

"గాలి ముంచిందని నా ఊళ్ళో అందరూ అనుకున్నారు. గాలి ముంచితే తండేలుకు సిగ్గు లేదు. ఇప్పుడు నువ్వు చెప్పావు, ఒక గుమాస్తా ముంచాడని. గుమాస్తాకు పడవ ఒప్పజెప్పిన తండేలు ఎవడని అడుగుతారు. నిజమే చెప్పావు, నేను కాదనను. నా ముందుకు మాత్రం రాకు."

అవ్వా, నిజం చెబితే ఎవరికో మేలు జరుగుతుందనే మీరు నేర్పారు. ఎవరికీ జరగలేదు. అయినా చెప్పకుండా ఉండగలిగేవాణ్ణి కాదు. ఈ రెండూ ఒకచోట ఎలా ఉంటాయో నాకు తెలియడం లేదు.

నిన్న అతనే గోదాముకు వచ్చాడు. నా వైపు చూడకుండా ప్రభుగారితో మాట్లాడాడు. ఇంకో మంజీ నవంబరు తొమ్మిదిన బయలుదేరుతోంది, తండేలు అతని మేనల్లుడు. "సరుకు ఈ పిల్లవాడే సర్దాలి. సర్ది, దాని మీద కూర్చుని ఆంద్రోత్‌కు పోయి రావాలి. ఒడ్డున నిలబడి సర్దేవాడు ఇక నా రేవులో ఉండకూడదు" అన్నాడు. ప్రభుగారు నా మొహం చూశారు. పోకపోతే పని పోతుంది, అది చిన్న సంగతి. పోకపోతే నేను ఈ ఊళ్ళో అతనికి ఎదురుపడలేను.

నాకు ఈత రాదు. భయంగా ఉంది. మీకు అబద్ధం రాయకూడదు కనుక రాస్తున్నాను. మీ మాట కావాలి.

అమోఘ్

*

చింతామణి
1 నవంబరు 2002

అమోఘ్‌కు,

నీ ఉత్తరాన్ని దాచిపెట్టి, నువ్వు తిరిగి వచ్చాక మీ అమ్మకు చెబుదామనుకున్నాను. ఒక పూట దాచాను కూడా. అన్నం వడ్డిస్తూ ఆవిడ నా మొహం చూసి, "ఏమొచ్చింది అత్తమ్మా" అంది. ఇచ్చేశాను.

మీ నాన్న ఉత్తరం చదివి నా మీద అరిచాడు. ఇంతవరకు ఎన్నడూ అరవలేదు. నువ్వు అడిగినదాన్ని మళ్ళీ మళ్ళీ చదివాను. చెయ్యవలసింది చేసినా, ఎవరికో దెబ్బ తగిలింది. ఇంతకాలం నేను తప్పు ఎవరిదో తేల్చి, ఒక పక్కన రాసి, గీత గీసేదాన్ని. హసనబ్బ తప్పు, నీ తప్పు, నా తప్పు వేరువేరుగా రాయాలని చూశాను. విడదీయడం నాకు చేతకాలేదు. ఆయన వరండాలో అన్న మాట చదివాక, ఎవరి వాటా ఎంత అని అడగడమే సిగ్గనిపించింది.

ఆయన నిన్ను రేవు నుంచి తరిమేయవచ్చు. తరమలేదు. తన మేనల్లుడి పడవలో నిన్ను కూర్చోబెడుతున్నాడు. నీ చేతి సరుకు మీద నిన్నే కాదు, తన ఇంటివాణ్ణీ పంపుతున్నాడు. అది నీకు కనబడిందో లేదో. నాకు కనబడింది.

పొమ్మని రాయడానికి కూర్చున్నాను. మీ అమ్మ వచ్చి ఎదురుగా నిలబడింది. ఈ ఇంటికి కోడలుగా వచ్చి ఇరవై ఆరేళ్ళు, నా మాటకు ఎదురు చెప్పింది లేదు.

"మీరు పొమ్మని రాస్తాండారు గదా."

"అవును."

"నేను వద్దంటాండా. అది కూడా రాయండి. మీ మాట ఒక్కటే పోతే వాడు అదే అందరి మాట అనుకుంటాడు."

నీ అవ్వ మాట ఏమైనా సరే చివరి మాట అని ఈ ఇంట్లో అనుకుంటూ వచ్చాము. అది నేనే నేర్పిన అలవాటు. నేను ఆవిడకు కలం ఇచ్చాను. ముందు మీరు రాయండి అంది.

కనుక నా మాట ఇది: వెళ్ళు. భారం కాస్త వెనకకు ఉండాలో, సమంగా ఉండాలో నన్ను అడగకు, హసనబ్బను అడుగు. కసిరినా అడుగు. సర్దడం అయ్యాక ఆయనను పిలిచి చూపించు.

ఎనిమిదో తేదీ రాత్రి బస్సుకు నేనూ మీ అమ్మా వస్తున్నాము. ఆపడానికి కాదు. మేము వచ్చేదాకా పడవ ఎక్కకు.

కింద ఖాళీ వదిలాను.

అవ్వ, జలజ

నాయనా, పోవద్దు. పోయేటట్టయితే మేము వచ్చినాక, నా చేత్తో పెట్టింది తిని పో. అమ్మ.